ఫుజి కొండ రాత్రిపూట ఎక్కి పైన సూర్యోదయం చూడాలంటే

జూలై దగ్గరపడిందంటే చాలు, టోక్యోలో ఉండే మనవాళ్ల మధ్య ఫుజి పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు పుట్టుకొస్తుంది. అందులో కనీసం ఒకడైనా ‘అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కినవాళ్లం, ఇదో లెక్కా’ అంటాడు. 2019లో ఆ మాట అన్నది నేనే. తిరుమల కొండ వెయ్యి మీటర్ల ఎత్తు కూడా ఉండదు, ఫుజి 3,776 మీటర్లు. అక్కడ మోకాళ్ల మిట్ట దగ్గర పట్టేసేవి కాళ్లు, ఇక్కడ అన్నిటికంటే ముందు చేతులెత్తేసేవి తల, పొట్ట. ఆ తేడా నాకు రాత్రి ఒంటిగంటన్నరకి, ఎనిమిదో స్టేషన్ (ఎక్కే దారిలో మజిలీల్ని ఇలా అంటారు) దగ్గర ఒక హట్, అంటే రాత్రి పడుకునే బస, గోడకి వీపు ఆనించి వణుకుతూ కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆ రోజు మేం ముగ్గురం ఆఫీసు అవగానే బస్సెక్కి, రాత్రి తొమ్మిదింటికి నడక మొదలుపెట్టి, ఎక్కడా పడుకోకుండా నేరుగా పైకి వెళ్లిపోదాం అనుకున్నాం. దీన్ని ఇక్కడివాళ్లు దంగన్ తొజన్ అంటారు, అంటే తుపాకి గుండులా దూసుకెళ్లి ఎక్కడం. మా గుంటూరు కుర్రాడు ఏడో స్టేషన్ దాటాక ‘తల పగిలిపోతోంది అన్నా’ అన్నాడు, ఇంకో అరగంటకి తిన్నదంతా కక్కేశాడు. హట్‌లో కూర్చోనిస్తారేమో అని అడిగితే బుకింగ్ లేదు కాబట్టి కుదరదన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ లోపల మనుషులు చాపలో చేపల్లా పడుకుని ఉంటారని తర్వాత ఇంకోసారి నేను వాళ్ల మధ్య పడుకున్నప్పుడు అర్థమైంది. అతన్ని తీసుకుని ముగ్గురం వెనక్కి దిగాం. కిందికొచ్చేసరికి మనిషి మామూలుగా ఉన్నాడు, ఆకలేస్తోందన్నాడు కూడా. ఎత్తు మీద వచ్చే తలనొప్పికి అన్నిటికంటే నమ్మకమైన మందు అదే, దిగడం.

కాబట్టి కింద రాసేదంతా హట్‌లో ఒక రాత్రి ఆగి, తెల్లవారుజామున మిగతాది ఎక్కే పద్ధతి గురించే. గుండులా దూసుకెళ్లే పద్ధతికి ఇప్పుడు అసలు దారి కూడా లేదు, అది ముందుకి వెళ్లేకొద్దీ చెప్తా.

ముందు హట్, తర్వాతే సెలవు

అందరూ సెలవు పెట్టి, బస్సు టికెట్ కొని, చివర్లో హట్ వెతుకుతారు. అలా కాదు, హట్ దొరికిన రోజునే మీ సెలవు రోజు అనుకోండి. కొండ మీద పడుకోవడానికి ఉండే ఈ చెక్క బసల్ని యమగోయా అంటారు, మనవాళ్ల నోట మాత్రం హట్టే. యొషిదా దారి జూలై 1న తెరుస్తారు, మిగతా మూడు దారులు, అంటే సుబాషిరి, గొతెంబా, ఫుజినోమియా, జూలై 10న. అన్నీ సెప్టెంబర్ 10న మూసేస్తారు. ఈ రెండు నెలల పైచిలుకు కోసం బుకింగులు ఏప్రిల్, మే నెలల్లోనే మొదలైపోతాయి, శనివారాలు ముందు అయిపోతాయి. మనిషికి పదివేల యెన్‌ల పైమాటే అవుతుంది, ఆ డబ్బుకి దొరికేది ఒక స్లీపింగ్ బ్యాగూ, భుజం భుజం తగిలే జాగా. స్నానం లేదు, ముఖం కడుక్కోవడానికి నీళ్లు కూడా ఉండవు. అయినా తీసుకోండి.

మొదటిసారి అయితే వేరే ఆలోచన పెట్టుకోకుండా యొషిదా దారే పట్టుకోండి. హట్‌లు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది దీని మీదే, టోక్యోలోని షింజుకు బస్టాండ్ నుంచి ఐదో స్టేషన్‌కి నేరుగా బస్సుంది (సుమారు రెండున్నర గంటలు), ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ దారి సూర్యుడు వచ్చే వైపున్న వాలు మీద పోతుంది. దీనివల్ల లాభం ఏమిటో తర్వాత చెప్తా, నా దృష్టిలో ఈ మొత్తంలో పనికొచ్చే సంగతి అదే.

వీలైతే మంగళ, బుధవారాలు చూసుకోండి. ఆగస్టు మధ్యలో ఒబోన్ సెలవులు వస్తాయి, ఆ వారం మాత్రం వద్దు, వైకుంఠ ఏకాదశినాటి క్యూ చూసిన వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. జూలై మొదటి రెండు వారాలు జనం తక్కువ గానీ వానాకాలం పూర్తిగా పోయి ఉండదు.

హట్ ఏ ఎత్తులో తీసుకోవాలి అన్నదానికి కూడా లెక్కుంది. ఏడో స్టేషన్ 2,700 మీటర్ల దగ్గర మొదలవుతుంది, ఎనిమిదోది 3,100 దగ్గర, ‘అసలు ఎనిమిది’ అని పిలిచే హొన్ హచిగోమె 3,400 దగ్గర, ఆఖరి హట్ 3,450 దగ్గర. పైన తీసుకుంటే పొద్దున నడక తక్కువ, రెండింటికి లేచినా చాలు. కానీ అంత ఎత్తులో నిద్ర పట్టదు, తలనొప్పి వచ్చే అవకాశం కూడా ఎక్కువ. నేను 3,100 దగ్గర తీసుకోమంటాను.

గేటు సంగతి

2024లో యొషిదా దారికి గేటు పెట్టారు. 2025 నుంచి నాలుగు దారుల్లో ఎటు ఎక్కినా మనిషికి 4,000 యెన్‌లు, మధ్యాహ్నం రెండు నుంచి తెల్లవారుజాము మూడు దాకా హట్ బుకింగ్ లేనివాళ్లని పైకి పంపరు. యొషిదాలో అయితే రోజుకి నాలుగు వేల మందే. అంటే ఆఫీసు అయ్యాక వచ్చి రాత్రంతా ఎక్కేద్దాం అనుకుంటే గేటు దగ్గరే ఆగిపోతారు. డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కట్టేసి ఆ క్యూఆర్ కోడ్‌నీ, హట్ బుకింగ్ మెయిల్‌నీ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చెప్పులు, షార్ట్స్, చేతిలో గొడుగుతో వచ్చేవాళ్లని గేటు దగ్గర ఆపుతారు, ఆపాలి కూడా. ఈ నిబంధనలు ఏటా మారుతున్నాయి కాబట్టి వెళ్లే ఏడాది మళ్లీ ఒకసారి చూసుకోండి, పోయినేడు వెళ్లొచ్చిన స్నేహితుడి మాట నమ్మకండి, నా మాట కూడా.

సంచిలో ఏం పెట్టుకోవాలి

నూరు మీటర్లు ఎక్కితే 0.6 డిగ్రీలు తగ్గుతుంది. టోక్యోలో చెమటలు కారుతుంటే ఇంట్లో కూర్చుని స్వెటర్ సర్దుకోవడానికి మనసు ఒప్పదు, అదే అసలు సమస్య. జూలై, ఆగస్టుల్లో కూడా శిఖరం మీద సగటున ఐదారు డిగ్రీలే ఉంటుంది, సూర్యోదయానికి ముందు ఇంకా తగ్గుతుంది, ఆపైన గాలి. పొరలు పొరలుగా వేసుకోవాలి: లోపల చెమట పీల్చని పాలిస్టర్ బనియన్ (కాటన్ వద్దు, తడిస్తే ఆరదు, ఆ తడే ఒంట్లో వేడంతా లాగేస్తుంది), దాని మీద ఫ్లీస్, దాని మీద పల్చటి డౌన్ జాకెట్, అన్నిటికీ పైన వాన కోటు. వాన కోటంటే చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండేది. వంద యెన్‌ల షాపులో దొరికే ప్లాస్టిక్ పోంచో మొదటి గాలికే తల మీదికి లేచిపోతుంది. గొడుగు గురించి మాట్లాడను.

చీలమండ దాకా వచ్చే బూట్లు, చేతి తొడుగులు (ఏడో స్టేషన్ తర్వాత రాళ్లు పట్టుకుని ఎక్కాలి), చెవులు కప్పే టోపీ. ఫోన్ టార్చ్ వద్దు, తలకి కట్టుకునే లైటే కావాలి, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, పైగా ఫోన్ చలికి బ్యాటరీ వదిలేస్తుంది. ఆ లైటు ఎదుటివాళ్ల మొహం మీద పడకుండా కిందికి వంచుకోండి. ఇవన్నీ కొనక్కర్లేదు, బూట్లు, వాన కోటు, లైటు కలిపి అద్దెకిచ్చే చోట్లు షింజుకులోనూ, ఐదో స్టేషన్ దగ్గరా ఉన్నాయి. బూట్లు అద్దెకి తీసుకుంటే ముందురోజు తెచ్చుకుని ఇంట్లో గంటసేపు వేసుకుని తిరగండి.

వంద యెన్‌ల నాణేలు ఒక పదిహేను ఒక జిప్ కవర్లో. టాయిలెట్‌కి వెళ్లిన ప్రతిసారీ రెండు వందలో మూడు వందలో వేయాలి, చిల్లర ఎవరూ ఇవ్వరు. చెత్తకి ఒక సంచి, కొండ మీద ఎక్కడా చెత్తబుట్ట ఉండదు, అరటిపండు తొక్క కూడా మీతోనే కిందికి రావాలి. నీళ్లు రెండు లీటర్లు. పైన కొనుక్కోవచ్చు గానీ అరలీటరు సీసా ఐదు వందల దాకా ఉంటుంది, ఎక్కేకొద్దీ ధర కూడా ఎక్కుతుంది.

ఇక తిండి. మనవాళ్లు చేసే మొదటి పని పులిహోర కలపడం. నేనూ కలిపాను. ఆ చలికి అన్నం బిరుసెక్కి, నోట్లో వేసుకుంటే పచ్చి బియ్యం నమిలినట్టుంది, పల్లీలు ఏరుకుని తిన్నాం. పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, ఉప్పు బిస్కెట్లు, పొడిగా ఉండే చపాతీలు బాగా పనికొస్తాయి. పైకెళ్లాక ఆకలి చచ్చిపోతుంది, అయినా గంటకోసారి ఏదో ఒకటి నోట్లో పడాలి. చిప్స్ ప్యాకెట్ పైన బుడగలా ఉబ్బిపోతుంది, గాలి ఎంత పల్చబడిందో దాన్ని చూస్తే తెలుస్తుంది. హట్‌లో రాత్రి భోజనం ఎక్కువగా కర్రీ రైస్, అందులో మాంసం ఉండొచ్చు, పక్కన సూప్ ఇస్తే అది చేప మరిగించిన నీళ్లతోనే చేస్తారు. శాకాహారులు భోజనం లేకుండా పడక మాత్రమే బుక్ చేసుకోండి, దాన్ని సుదొమారి అంటారు. కొన్‌బినీలో, అంటే వీధి చివరి చిన్న కొట్టులో, ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు) పెట్టిన ఒనిగిరి (అన్నం ముద్ద) దొరుకుతుంది, అది మన ఊరగాయ అన్నం ముద్దకి దూరపు చుట్టం, ఆ ఉప్పూ పులుపూ ఆ ఎత్తులో ప్రాణం లేచొచ్చినట్టుంటాయి. కొన్నిట్లో చేప రసం కలుపుతారు కాబట్టి వెనక రాసింది ఎవరితోనైనా చదివించుకుని కొనండి.

ఐదో స్టేషన్ దగ్గర గంటసేపు ఏమీ చేయకండి

బస్సు దించేది 2,305 మీటర్ల దగ్గర. రెండున్నర గంటల ముందు సముద్ర మట్టానికి దగ్గర్లో ఉన్నారు, ఒంటికి ఆ సంగతి ఇంకా తెలియదు. కనీసం ఒక గంట అక్కడే తిరగండి, కొమితాకె గుడి చూడండి, టాయిలెట్‌కి వెళ్లండి, కావాలంటే కర్ర కొనుక్కోండి. గంటలు కట్టిన చెక్క కర్ర అమ్ముతారు, దారిలో ఒక్కో హట్ దగ్గర డబ్బు తీసుకుని ఎర్రగా కాల్చిన ఇనప అచ్చుతో దాని మీద ముద్ర వేస్తారు. కాలిన చెక్క వాసన, కర్ర మీద ఆ ఊరూ ఈ ఎత్తూ రాసిన నల్లటి గుర్తు. నాకు మొదట ఇదంతా టూరిస్టుల గోల అనిపించింది, ఇప్పుడు ఆ కర్ర మా హాల్లో తలుపు పక్కన ఉంది.

పన్నెండింటికి కాస్త అటూ ఇటూగా నడక మొదలుపెట్టండి. మొదటి అరగంట దారి కాస్త కిందికి దిగుతుంది, అందరికీ అనుమానం వస్తుంది, దారి తప్పలేదు, అదంతే. ఆరో స్టేషన్ దాటాక వంకర్లు తిరుగుతూ ఎక్కుడు మొదలవుతుంది. ఇక్కడ కావలసింది ఒకటే, నెమ్మది. ఎంత నెమ్మది అంటే పక్కన నడిచేవాడితో మాట్లాడుతూ వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగకూడదు, ఆగాల్సొస్తే మీరు వేగంగా వెళ్తున్నట్టే. పాదం పూర్తిగా ఆనించి, చిన్న చిన్న అడుగులు. డెబ్భై ఏళ్ల జపాన్ అవ్వలు అలా ఎక్కుతూ ఉంటారు, మన కుర్రాళ్లు వాళ్లని దాటి ఉరుకుతారు, రెండు మలుపుల తర్వాత రాయి మీద కూలబడి రొప్పుతుంటే ఆ అవ్వలు మళ్లీ దాటిపోతారు. తెల్లబట్టల యాత్రికులు కనిపిస్తే అదృష్టమే, ‘రొక్కొన్ షోజో’ అంటూ అడుగడుగుకీ ఒక మాటగా ఎక్కుతారు, ఇంద్రియాలు శుద్ధి కావాలని దాని అర్థం. మన గోవింద నామంలాగే అది కూడా భక్తితోపాటు ఊపిరికి తాళం.

ఏడో స్టేషన్ నుంచి రాళ్ల మధ్య గొలుసులు పట్టుకుని ఎక్కాలి. తాళ్లు దాటి బయటికి అడుగు వేయకండి, మీ కాలికింది రాయి జారితే కింద మలుపులో ఉన్నవాళ్ల మీద పడుతుంది. పైనుంచి ఎవరైనా ‘రాకూ!’ అని అరిస్తే రాయి దొర్లుతోందని అర్థం, మన భాషలో విన్నట్టే, అటు వెళ్లకండి.

హట్‌కి చేరాక వెంటనే పడుకోకండి

సాయంత్రం నాలుగు, ఐదింటికి చేరుకుంటారు. ఒళ్లు హూనమైపోయి ఉంటుంది, పడక చూడగానే వాలిపోవాలనిపిస్తుంది. వద్దు. నిద్రలో ఊపిరి పైపైన ఆడుతుంది, ఎక్కిన వెంటనే పడుకున్నవాళ్లే తలనొప్పితో లేస్తారు. ఒక గంట కూర్చోండి, బయట బెంచీ మీద, గుక్కగుక్కగా నీళ్లు తాగుతూ, ఊపిరి గట్టిగా బయటికి వదులుతూ. బీరు జోలికి పోకండి. సాయంత్రం ఆకాశం శుభ్రంగా ఉంటే కింద యమనకా సరస్సు కనిపిస్తుంది. ఆక్సిజన్ డబ్బా అమ్ముతారు, దాంతో రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, అంతే.

ఎనిమిదింటికల్లా లైట్లు ఆర్పేస్తారు. నిద్ర పట్టకపోయినా కంగారు పడకండి, అక్కడ ఎవరికీ పట్టదు, కళ్లు మూసుకుని ఉండటమే విశ్రాంతి. ఒక ముఖ్యమైన మాట: పడుకునే ముందే సంచి సర్దేసుకోండి. అర్ధరాత్రి చీకట్లో ప్లాస్టిక్ కవర్లు గరగరలాడించేవాడిని నలభై మంది మనసులో తిట్టుకుంటారు.

లేచాక తలనొప్పి, వికారం ఉంటే పైకి వెళ్లకండి. తల తిరిగి నడక తూలుతుంటే తెల్లారేదాకా కూడా ఆగొద్దు, హట్ వాళ్లకి చెప్పి తోడు పెట్టుకుని దిగండి.

రాత్రి ఒంటిగంట తర్వాత

శిఖరం మీద సూర్యోదయం జూలైలో నాలుగున్నర ప్రాంతంలో, ఆగస్టు చివరికి ఐదు ప్రాంతంలో. దానికి ముప్పావు గంట ముందే తూర్పున నారింజ గీత వచ్చేస్తుంది. 3,100 దగ్గర హట్ అయితే ఒంటిగంటకల్లా బయటపడండి. మామూలుగా రెండు, రెండున్నర గంటల దారే, కానీ జనం ఉన్న రోజు తొమ్మిదో స్టేషన్ దగ్గర కదలదు. కింది నుంచి చూస్తే కొండ మీద లైట్ల దండ వేసినట్టుంటుంది, ఆ దండలో మీరూ ఒక పూసై గంటసేపు అడుగుకి నిమిషం చొప్పున కదులుతుంటే మాత్రం కాళ్లు కొయ్యబారతాయి. ఆగినప్పుడల్లా జాకెట్ వేసుకోండి, కదిలేటప్పుడు జిప్ తీయండి. చెమట పట్టనివ్వకూడదు.

ఇప్పుడా దాచిన సంగతి. ఇక్కడివాళ్లు గొరైకో అని పిలిచే ఆ సూర్యోదయం చూడ్డానికి శిఖరం దాకా వెళ్లక్కర్లేదు. యొషిదా దారి మీద ఏడో స్టేషన్ నుంచి పైకి ఎక్కడ నిలబడినా సూర్యుడు ఎదురుగానే వస్తాడు. నాలుగు దాటింది, ఇంకా దారిలో ఉండే తొరీ (గుడి కమాను) దగ్గర ఇరుక్కున్నారు అనుకోండి, జనాన్ని తోసుకుంటూ పరిగెత్తకండి, పక్కన రాయి చూసుకుని కూర్చోండి. మా ఆవిడా నేనూ రెండోసారి అక్కడే ఆగిపోయాం. కింద మబ్బులు దూది ఏకి పరిచినట్టున్నాయి, వాటి అంచు మొదట రక్తంలా, తర్వాత రాగి చెంబులా మారింది, ఒక్కసారిగా మా ఎదుట నల్లగా ఉన్న బండలన్నీ ఎర్రబడ్డాయి. అప్పటిదాకా చప్పుడు లేని వరసలోంచి ఎవరో ‘బన్జాయ్’ అన్నారు, మన ‘జై’ లాగా. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ‘చలికి’ అంది. అరగంట తర్వాత పైకి వెళ్తే అక్కడ సగం ఖాళీ.

పైన ఓపికుంటే అగ్నిపర్వతం నోటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయొచ్చు, ఒహచి మెగురి అంటారు, గంటన్నర పడుతుంది. అసలు 3,776 మీటర్ల రాయి కెన్‌గమినె అవతలి వైపుంది, పాత వాతావరణ కేంద్రం పక్కన. గాలి గట్టిగా ఉంటే ఆ ఆలోచన మానుకోండి.

దిగడం ఎక్కడం కంటే కష్టం

యొషిదాలో దిగే దారి వేరు. బూడిద, కంకర కలిసిన జారుడు మట్టి, నాలుగు గంటలు, వంకర్లు వంకర్లుగా, చూడ్డానికి ఏమీ ఉండదు, ఎనిమిదో స్టేషన్ దాటితే హట్‌లు ఉండవు, టాయిలెట్ ఏడో స్టేషన్ దగ్గర కనిపించేదాకా ఆపుకోవాల్సిందే, కాబట్టి పైనే వెళ్లి రండి. మాస్కు పెట్టుకోండి, దుమ్ము. మోకాళ్లు కొంచెం వంచి, మడమ ముందు దించి నడవండి.

ఎనిమిదో స్టేషన్ దగ్గర ఎదోయా అనే హట్ వస్తుంది, అక్కడే దారి చీలుతుంది. నిద్రమత్తులో ముందువాడి వీపు చూస్తూ వెళ్లేవాళ్లు సుబాషిరి వైపు దిగిపోతారు, కిందికెళ్లాక చూస్తే వేరే జిల్లాలో ఉంటారు, మీ బస్సు ఇంకో వైపు. బోర్డుల రంగు గుర్తుపెట్టుకోండి: యొషిదా పసుపు, సుబాషిరి ఎరుపు, గొతెంబా ఆకుపచ్చ, ఫుజినోమియా నీలం. పసుపు కనిపించకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

తిరుగు బస్సు పదకొండుకి ముందు పెట్టుకోకండి, ప్రదక్షిణ కూడా చేస్తే ఇంకో రెండు గంటలు కలుపుకోండి. కొండ కింద ఉన్న కవగుచికోలో దిగి వేడినీళ్ల స్నానానికి వెళ్లేవాళ్లు ఒక జత పొడి బట్టలు వేరే కవర్లో ముందే పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక బూట్లు గుమ్మం బయటే విప్పండి. ఆ నల్ల ఇసక సాక్సుల్లోంచి, జేబుల్లోంచి, చెవుల్లోంచి కూడా వస్తుంది, మా వాషింగ్ మెషిన్ ఫిల్టర్‌లో నెల తర్వాత కూడా దొరికింది.